విడదీసే గొలుసు, కలిపే గొలుసు

భూమి పైపొరలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న మూలకం ఆక్సిజన్. సిలికాన్, అల్యూమినియం, ఇనుము, టైటానియం వంటి మూలకాలతో కలిసి అది ఆక్సైడ్ల రూపంలో రాళ్లలోనూ, మట్టిలోనూ, ఇసుకలోనూ ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాలో ఈ ఆక్సైడ్ల కథ మూడు దారుల్లో సాగుతుంది. వంశధార వరద మోసుకొచ్చే ఎర్ర బురద ఒక దారి. టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైట్ పలకలు కోసేటప్పుడు రంపం కింది నుంచి పారే పాలనీళ్లలాంటి స్లర్రీ రెండో దారి. భావనపాడు, కళింగపట్నం తీరాల్లో మెరిసే నల్ల ఇసుకది మూడో దారి. ఆ ఇసుకలోని టైటానియం చివరికి చేరేది గోడలకు వేసే తెల్ల రంగులోకి.

మొదటి రెండు చోట్ల రేణువులు ఎంత త్వరగా అడుగుకు దిగితే అంత మేలు. రంగు డబ్బాలో మాత్రం నెలల తరబడి దిగకూడదు. ఒకచోట తేరుకోవాలి, మరోచోట తేరకూడదు. పరిశ్రమలో ఈ రెండు పనులకూ వాడేది ఒకే జాతి పదార్థాలను. అవే పాలిమర్లు. చిన్న చిన్న అణుభాగాలు వందలు, వేలు, లక్షల సంఖ్యలో వరసగా ముడిపడిన పొడవైన గొలుసులు ఇవి. రేణువు ఉపరితలానికి ఈ గొలుసులు అంటుకోవడాన్ని రసాయన శాస్త్రంలో అధిశోషణం అంటారు. అంటుకున్న గొలుసు రేణువులను ఎప్పుడు దూరంగా ఉంచుతుంది, ఎప్పుడు దగ్గరకు లాగుతుంది అన్నదే ఈ ప్రసంగ విషయం.

ముందుగా రేణువు పరిమాణం సంగతి. మిల్లీమీటరులో పదోవంతు ఉన్న ఇసుక రేణువు మీటరు లోతు నీటిలో అడుగుకు చేరడానికి రెండు నిమిషాలు చాలు. మిల్లీమీటరులో వందోవంతు ఉన్న ఒండ్రు రేణువుకు మూడు గంటలు పడుతుంది. వెయ్యోవంతు, అంటే ఒక మైక్రోమీటరు ఉన్న రేణువుకు దాదాపు 13 రోజులు కావాలి. అంతకు పదింతలు చిన్నదైతే లెక్క ప్రకారం మూడేళ్లు దాటుతుంది. నిజానికి అంత చిన్న రేణువు దిగనే దిగదు. చుట్టూ ఉన్న నీటి అణువులు అన్ని వైపుల నుంచీ కొడుతుంటే అటూ ఇటూ చెదురుతూనే ఉంటుంది. మైక్రోమీటరులో వెయ్యోవంతు నుంచి ఒక మైక్రోమీటరు వరకు ఉన్న ఇలాంటి రేణువులు చెదిరి ఉన్న ద్రవాన్నే కొల్లాయిడ్ అంటారు. ఆ పేరు పెట్టినవాడు స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం, 1861లో.

రేణువు చిన్నదయ్యేకొద్దీ ఉపరితలం పెరుగుతుంది. గ్రాము క్వార్ట్‌జ్‌ను మైక్రోమీటరు ముక్కలుగా నూరితే ఆ ముక్కల ఉపరితలం మొత్తం రెండు చదరపు మీటర్లు దాటుతుంది. మరో పదింతలు మెత్తగా నూరితే ఇరవై చదరపు మీటర్లు దాటి, ఒక గది నేలంత అవుతుంది. కొల్లాయిడ్ల ప్రవర్తనను శాసించేది రేణువు బరువు కాదు, ఈ ఉపరితలం. చిటికెడు పాలిమర్ టన్నుల కొద్దీ బురద నడతను మార్చగలగడానికి కారణం కూడా ఇదే. అది పనిచేసేది రేణువు లోపల కాదు, పైపొర మీద.

రేణువులు నీటిలో ఢీకొంటూనే ఉంటాయి. ఏ రెండు రేణువుల మధ్యనైనా వాండర్ వాల్స్ ఆకర్షణ ఉంటుంది. అడ్డుకునేది ఏదీ లేకపోతే ఢీకొన్నవి అతుక్కుని, గుంపులై, బరువెక్కి దిగిపోతాయి. ఇలా గుంపు కట్టడాన్ని స్కందనం అంటారు. దాన్ని సాధారణంగా అడ్డుకునేది విద్యుదావేశం. ఆక్సైడ్ ఉపరితలం నీటిని తాకగానే దాని మీద హైడ్రాక్సిల్ సమూహాలు ఏర్పడతాయి. ఆమ్ల ద్రావణంలో ఇవి హైడ్రోజన్ అయాన్‌ను పుచ్చుకుని ధనావేశం పొందుతాయి. క్షార ద్రావణంలో దాన్ని వదులుకుని రుణావేశం పొందుతాయి. రెండూ సరిసమానమై నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్ ఒక్కో ఆక్సైడ్‌కు ఒక్కోటి. సిలికాకు 2, 3 మధ్య, టైటానియం డయాక్సైడ్‌కు సుమారు 6, ఐరన్ ఆక్సైడ్లకు 7 నుంచి 9 వరకు, అల్యూమినాకు 9 దగ్గర.

తాగునీటి పీహెచ్ 6.5 నుంచి 8.5 వరకు ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. నది నీటి పీహెచ్ కూడా మామూలుగా ఇంచుమించు ఆ హద్దుల్లోనే ఉంటుంది. అందులో సిలికా, బంకమట్టి, గ్రానైట్ పొడి రుణావేశంతో ఉంటాయి. ఐరన్ ఆక్సైడ్ ఒంటరిగా ఉంటే దాని ఆవేశం స్వల్పం. అయినా వరద నీటిలోని ఎర్ర రేణువులు రుణావేశంతోనే కనిపిస్తాయి. ఆకులూ వేళ్లూ కుళ్లి నీటిలో కలిసిన హ్యూమిక్ పదార్థాలు వాటిమీద పూత పట్టడమే ఇందుకు కారణం. ఈ హ్యూమిక్ పదార్థాలు కూడా ఒక రకం సహజ పాలిమర్లే. అంటే అధిశోషణం చెందిన పాలిమర్ బురదను తేరనివ్వకుండా పట్టి ఉంచడం ఏ కర్మాగారమూ లేని రోజుల నుంచీ నదిలో జరుగుతున్న పని. అలాంటి నీటిని శుద్ధి చేయడానికి పటిక ఎక్కువ మోతాదులో పడుతుంది.

ఆవేశమున్న రేణువు చుట్టూ వ్యతిరేక ఆవేశపు అయాన్లు మేఘంలా కమ్ముతాయి. రెండు రేణువులు దగ్గరైనప్పుడు ముందు ఆ మేఘాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని వికర్షించుకుంటాయి. మేఘం మందం నీటిలోని ఉప్పును బట్టి మారుతుంది. లీటరుకు మోల్‌లో వెయ్యోవంతు సోడియం క్లోరైడ్ ఉంటే మందం పది నానోమీటర్లు. సముద్రపు నీటిలో అది అర నానోమీటరు కూడా ఉండదు. అక్కడ వికర్షణ మొదలయ్యేసరికే రేణువులు ఆకర్షణ పరిధిలో చిక్కుకుపోతాయి. కళింగపట్నం దగ్గర వంశధార కడలిలో కలిసేచోట మంచినీటిలో దిగని బురద ఉప్పు తగలగానే గుంపు కట్టేది ఇందుకే. అయాన్ ఆవేశం పెరిగేకొద్దీ దాని ప్రభావం విపరీతంగా పెరుగుతుంది. సిద్ధాంతం ప్రకారం సోడియం కంటే కాల్షియం 64 రెట్లు, అల్యూమినియం 729 రెట్లు తక్కువ గాఢతలోనే స్కందనం తెస్తాయి. ఆకర్షణ, వికర్షణల ఈ తూకాన్ని లెక్కగట్టినవారు సోవియట్ యూనియన్‌లో డెర్యాగిన్, లాండౌ, నెదర్లాండ్స్‌లో వెర్వే, ఓవర్‌బీక్. మొదటి ఇద్దరి వ్యాసం 1941లో, తర్వాతి ఇద్దరి గ్రంథం 1948లో వెలువడ్డాయి.

ఈ లెక్క ఆవేశం వరకే సరిపోతుంది. ఉపరితలం మీద పాలిమర్ చేరితే కథ మారుతుంది.

నీటిలో స్వేచ్ఛగా ఉన్న పాలిమర్ గొలుసు నిటారుగా ఉండదు, చిందరవందరగా చుట్టుకుని ఉంటుంది. అది ఆక్సైడ్ ఉపరితలాన్ని చేరినప్పుడు గొలుసు పొడవునా అంటుకోదు. కొన్ని భాగాలు ఉపరితలం మీద పరుచుకుంటాయి. వాటి మధ్య భాగాలు ఉచ్చుల్లా పైకి లేచి ఉంటాయి. రెండు కొసలు తోకల్లా నీటిలోకి సాగి ఉంటాయి. పట్టు దొరికేది హైడ్రోజన్ బంధం వల్ల కావచ్చు, వ్యతిరేక ఆవేశాల ఆకర్షణ వల్ల కావచ్చు, రెండు రుణావేశాల నడుమ కాల్షియం అయాన్ వారధిగా నిలవడం వల్ల కావచ్చు. విడివిడిగా చూస్తే ఒక్కో పట్టూ బలహీనమైనదే. కాకరతీగ పందిరిని పట్టుకున్నప్పుడు ఒక్క నులితీగ తెగినంత మాత్రాన పాదు జారిపోదు. గొలుసు పట్టు కూడా అలాంటిదే. వందల పట్లు ఒకేసారి ఊడితే తప్ప అది ఉపరితలాన్ని వదలదు. అందుకే ఒకసారి చేరిన పాలిమర్‌ను నీళ్లు పోసి కడిగినా పెద్దగా రాదు. అంటుకునే పరిమాణం సాధారణంగా చదరపు మీటరు ఉపరితలానికి ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ.

ఉపరితలమంతా ఇలా నిండిపోయిందనుకుందాం. ఇప్పుడు రెండు రేణువులు ఎదురైతే ముందు తగిలేవి ఉచ్చులు, తోకలు. ఒక పొరలోని గొలుసులు ఇంకో పొరలోకి దూరితే అక్కడ రద్దీ పెరుగుతుంది. ఆ రద్దీని పలచన చేయడానికి నీరు లోపలికి చొరబడి రేణువులను విడదీస్తుంది. పైగా నలిగిన గొలుసులకు మసలడానికి చోటు తగ్గుతుంది, అవి మళ్లీ విచ్చుకోవాలని తోస్తాయి. ఈ రెండూ కలిసిన వికర్షణనే ప్రాదేశిక స్థిరీకరణ అంటారు. పొర మందం వాండర్ వాల్స్ ఆకర్షణ బలంగా పనిచేసే దూరాన్ని మించి ఉంటే రేణువులు ఎంతసేపైనా విడివిడిగానే ఉంటాయి. ఆవేశం వల్ల వచ్చే స్థిరత్వాన్ని ఉప్పు చెడగొడుతుంది. పాలిమర్ పొర ఇచ్చే స్థిరత్వం అంత సులభంగా చెడదు, ఉప్పునీటిలోనూ నిలుస్తుంది.

ఈ లక్షణాన్ని మనుషులు సిద్ధాంతం పుట్టక ముందే వాడుకున్నారు. దీపపు మసిని ఉత్తి నీటిలో కలిపితే గడ్డకట్టి దిగిపోతుంది. తుమ్మబంక కలిపి నూరితే సిరా అవుతుంది. మసి ఆక్సైడ్ కాకపోయినా సూత్రం అదే, బంకలోని పాలిమర్ మసి రేణువులను చుట్టి ఎడంగా ఉంచుతుంది. 1857లో మైఖేల్ ఫారడే తయారుచేసిన ఎర్రటి బంగారు ద్రావణం ఉప్పు తగలగానే నీలంగా మారి గుంపు కట్టేది. 1901లో రసాయన శాస్త్రవేత్త జిగ్మోండి జెలటిన్, బంక వంటివి బంగారు రేణువులను ఉప్పు నుంచి ఎంతమేరకు కాపాడగలవో కొలిచే పద్ధతిని రూపొందించాడు. కొల్లాయిడ్ల మీద చేసిన కృషికి ఆయనకు 1925 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

విడదీసే పాలిమర్‌కు నేడు అతిపెద్ద ఉదాహరణ తెల్ల రంగు. తూర్పు కనుమల ఖోండలైట్, చార్నకైట్ రాళ్లు శిథిలమై నదుల వెంట సముద్రానికి చేరాయి. అలలు తేలిక ఇసుకను తోసుకుపోగా బరువైన ఖనిజాలు ఒడ్డున మిగిలాయి. శ్రీకాకుళం తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ ఉన్నాయి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళితే గంజాం జిల్లా ఛత్రపురంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఇదే రకం ఇసుక నుంచి ఖనిజాలు వేరుచేస్తోంది. ఇనుము, టైటానియంల ఉమ్మడి ఆక్సైడ్ అయిన ఇల్మనైట్ నుంచి ఇనుమును తొలగిస్తే తెల్లని టైటానియం డయాక్సైడ్ వస్తుంది. కేరళలోని తిరువనంతపురంలో, చవరలో ఉన్న ప్రభుత్వ కర్మాగారాలు దేశంలో దీన్ని తయారుచేసిన తొలి సంస్థల్లోవి.

రంగుకు తెల్లదనం వచ్చేది రేణువులు కాంతిని చెదరగొట్టడం వల్ల. కాంతి తరంగదైర్ఘ్యంలో సగం ఉన్న రేణువు, అంటే మైక్రోమీటరులో పావువంతు దరిదాపుల్లో ఉన్నది, ఈ పనిని అన్నిటికంటే బాగా చేస్తుంది. రెండు మూడు రేణువులు అతుక్కుంటే ఆ శక్తి తగ్గుతుంది. ఒక పూతతో కప్పవలసిన గోడకు రెండు పూతలు పడతాయి. డబ్బాలో అడుగున గట్టి గడ్డ కూడా కడుతుంది. కాబట్టి రంగు తయారీలో మొదట చేసే పని పొడిని నీటిలో బాగా విడగొట్టి, మళ్లీ కలవకుండా పాలిమర్ పూత పట్టించడం. ఇందుకు ఎక్కువగా వాడేది సోడియం పాలీఅక్రిలేట్. దాని అణుభారం కొన్ని వేలు మాత్రమే. పొడి బరువులో ఒక శాతం లోపే సరిపోతుంది. రంగులో వాడే టైటానియం డయాక్సైడ్ రేణువులకు చాలావరకు అల్యూమినా, సిలికా పూత ముందే ఉంటుంది. గోడ రంగును ఎండకు చెడకుండా కాపాడటానికి వేసే పూత అది. కాబట్టి పాలీఅక్రిలేట్ పట్టుకునేది లోపలి టైటానియాన్ని కాదు, పైనున్న అల్యూమినాను. పాలిమర్‌ను ఎంచుకునేటప్పుడు చూడవలసింది పొడి పేరును కాదు, దాని పైపొరను.

పాలీఅక్రిలేట్ గొలుసు మీద రుణావేశం ఉంటుంది. అందువల్ల అది రెండు రకాలుగా కాపాడుతుంది. గొలుసు అడ్డుపడటం ఒకటి, ఆవేశాలు తోసుకోవడం రెండోది. ఇక్కడ పీహెచ్ పాత్ర పెద్దది. ఆమ్లంలో గొలుసు ఆవేశం కోల్పోయి ముడుచుకుంటుంది. అలాంటి గొలుసులు ఉపరితలం మీద ఒత్తుగా పేరుకుంటాయి కాని నీటిలోకి సాగవు. క్షారంలో ఆవేశమంతా విచ్చుకుని గొలుసు చాచుకుంటుంది. అయితే అప్పుడు ఉపరితలానికి కూడా రుణావేశం వస్తే పట్టు సన్నగిల్లి అధిశోషణం తగ్గుతుంది. 1988లో అమెరికాలో సెజరానో, అక్సాయ్, బ్లైయర్ అల్యూమినాపైనా, అదే జాతి పాలిమర్ అయిన పాలీమెథాక్రిలిక్ ఆమ్లంపైనా చేసిన కొలతలు ఈ సంగతిని స్పష్టం చేశాయి. ఏ పీహెచ్ వద్ద ఎంత పాలిమర్ వేస్తే అవలంబనం, అంటే రేణువులు చెదిరి ఉన్న ద్రవం, నిలుస్తుందో వారు పటంగా గీసి చూపారు. పింగాణీ, సెరామిక్ పరిశ్రమలకు ఆ పటం ఎంతో ఉపయోగపడింది. అచ్చుల్లో పోసే ముద్దలో నీరు తక్కువ, పొడి ఎక్కువ ఉండాలి, అయినా అది ధారగా పారాలి. అది పాలిమర్ సాయం లేకుండా కుదరదు.

ఆవేశం లేని పాలిమర్లకు వేరే బలహీనతలు ఉంటాయి. పాలీఇథిలీన్ ఆక్సైడ్ సిలికాను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటుంది. పీహెచ్ పదికి చేరేసరికి సిలికా మీది హైడ్రాక్సిల్ సమూహాలు హైడ్రోజన్‌ను వదిలేస్తాయి, దాంతో ఆ పట్టు పోతుంది. ఉష్ణోగ్రత కూడా ముఖ్యం. పాలిమర్‌కు నీరు మంచి ద్రావణిగా ఉన్నంతవరకే పొర విచ్చుకుని ఉంటుంది. వేడివల్ల గాని, అధిక ఉప్పువల్ల గాని నీరు చెడు ద్రావణి అయితే గొలుసులు నీటి కంటే ఒకదానినొకటి ఎక్కువగా ఇష్టపడతాయి, రేణువులు ఒక్కసారిగా గుంపు కడతాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త నాపర్ ఈ హఠాత్ మార్పు థీటా ఉష్ణోగ్రత దగ్గర, అంటే ఆ పాలిమర్‌కు మంచి ద్రావణి చెడు ద్రావణిగా మారే హద్దు దగ్గర, జరుగుతుందని చూపాడు. మళ్లీ చల్లబరిస్తే అవే రేణువులు విడిపోతాయి.

ఇప్పుడు రెండో పని, కలపడం. పైన చెప్పినదంతా ఉపరితలం నిండి ఉన్నప్పటి మాట. పాలిమర్ చాలా పొడవైనదై, రేణువులకు చాలనంత కొద్దిగా ఉంటే ఫలితం తలకిందులవుతుంది. అణుభారం కోటి ఉన్న పాలీఅక్రిలమైడ్ గొలుసులో లక్షా నలభై వేల కొలుకులు ఉంటాయి. సాగదీస్తే దాని పొడవు 35 మైక్రోమీటర్లు, అంటే చాలా బురద రేణువుల కంటే ఎన్నో రెట్లు. ఇలాంటి గొలుసు ఒక కొస ఒక రేణువు మీద పడితే మిగతా ఉచ్చులు, తోకలు ఆవేశ మేఘాన్ని దాటి బయటకు చాచుకుంటాయి. పక్క రేణువు మీద ఖాళీ చోటు ఉంటే దాన్నీ పట్టుకుంటాయి. ఒకే గొలుసు రెండు, మూడు, పది రేణువులకు వంతెన అవుతుంది. చూస్తుండగానే నీటిలో దూదిపింజల్లాంటి ముద్దలు ఏర్పడి దిగుతాయి.

వంతెన పడాలంటే ఒక రేణువు మీద గొలుసు ఉండాలి, ఎదుటి రేణువు మీద ఖాళీ ఉండాలి. ఈ చిన్న సూత్రాన్ని కొలంబియా విశ్వవిద్యాలయంలో విక్టర్ లామర్, థామస్ హీలీ 1963లో వెలువరించిన వ్యాసంలో గణితంగా చెప్పారు. నిండిన భాగాన్ని ఖాళీ భాగంతో గుణిస్తే వచ్చేదే వంతెనలు పడే అవకాశం. ఉపరితలం సగం నిండినప్పుడు అది గరిష్ఠం. నిజమైన నీటిలో సరైన మోతాదు సగానికంటే తక్కువే కావచ్చు, కాని నీతి మారదు. మోతాదు మించితే ఉపరితలం నిండిపోయి అదే పాలిమర్ కాపలాదారు అవుతుంది, బురద ఇక తేరనే తేరదు. తేరలేదని మరికొంత పాలిమర్ వేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది.

టెక్కలి గ్రానైట్ స్లర్రీకి ఇది నేరుగా వర్తించే పాఠం. వజ్రపు పళ్లున్న రంపం రాతిని కోస్తుంటే చల్లదనానికి నీరు ధారగా పోస్తారు. ఆ నీటితో క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్ పొడి కొట్టుకొస్తుంది. ముతక పొడి తొట్టెలో దిగిపోతుంది, మెత్తనిది రుణావేశంతో తేలుతూ ఉంటుంది. దాన్ని తేర్చకపోతే నీరు మళ్లీ వాడటానికి పనికిరాదు, వదిలేస్తే పొలాల మీద తెల్లటి పెచ్చులా పేరుకుంటుంది. ఆ పెచ్చు ఎండి ధూళిగా లేస్తే అందులోని సిలికా ఊపిరితిత్తులకు హాని. రాతికోత యూనిట్లలో ఇలాంటి నీటికి సాధారణంగా వాడే మందు రుణావేశపు పాలీఅక్రిలమైడ్. రుణావేశపు రేణువును రుణావేశపు గొలుసు ఎలా పట్టుకుంటుందన్న సందేహం సహజం. గొలుసులోని అమైడ్ భాగాలు సిలికా మీది హైడ్రాక్సిల్‌తో హైడ్రోజన్ బంధం వేస్తాయి. నీటిలోని కాల్షియం రెండు వైపులనూ కలుపుతుంది. పైగా గొలుసు మీది ఆవేశాలు ఒకదానినొకటి తోసుకోవడం వల్ల అది ముడుచుకోక చాచుకునే ఉంటుంది. అది వంతెనకు మేలే.

కలిపే విధానాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. మందు వేసినప్పుడు వేగంగా కలపాలి, లేదంటే పడిన చోటి రేణువులే అంతా పీల్చుకుంటాయి. ఆ వెంటనే నెమ్మదిగా తిప్పాలి, అప్పుడు చిన్న పింజలు పెద్దవవుతాయి. ఆ దశలో జోరుగా చిలికితే వంతెనలు తెగుతాయి. తెగిన గొలుసు ముక్కలు తమ రేణువు మీదే పరుచుకుంటాయి కాబట్టి పింజ మళ్లీ మునుపటంత కట్టదు.

పొడవు లేకపోయినా కలపగల పాలిమర్లు ఇంకొక రకం ఉన్నాయి. పాలీడాడ్‌మాక్ వంటి ధనావేశపు గొలుసులు రుణావేశపు రేణువు మీద గట్టిగా పరుచుకుంటాయి. అవి పడినచోట ధనావేశపు మరకలు, మిగతాచోట రుణావేశం ఉంటాయి. ఒక రేణువు మరక ఎదుటి రేణువు ఖాళీ చోటుకు అతుక్కుంటుంది. 1973లో లండన్‌లో జాన్ గ్రెగరీ ఈ విధానాన్ని వివరించాడు. ఇక్కడా మోతాదు మించితే రేణువులన్నీ ధనావేశంతో నిండి మళ్లీ విడిపోతాయి.

ఉపరితలానికి అసలు అంటని పాలిమర్ కూడా రేణువులను కలపగలదు. రెండు రేణువులు బాగా దగ్గరైతే మధ్య సందులోకి గొలుసు చుట్ట దూరలేదు. బయట ఉన్న పాలిమర్ ద్రావణం తోపుడుకు రేణువులు దగ్గరకు నెట్టబడతాయి. 1954లో నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన అసాకురా, ఊసావా దీన్ని సిద్ధాంతీకరించారు. చిక్కదనం కోసం రంగుల్లో అదనంగా వేసే పాలిమర్లు ఒక్కోసారి రేణువులను గుంపు కట్టించేది ఇందుకే.

తాగునీటి శుద్ధిలో ఈ సూత్రాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో విస్తరించిన ఉద్దానం ప్రాంత ప్రజలు దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధితో ఏళ్లుగా బాధపడుతున్నారు. వారు తాగే భూగర్భ జలానికి బదులుగా హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పైపుల ద్వారా అందించే పథకం సుమారు 700 కోట్ల రూపాయలతో చేపట్టారు. అది 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. బోరు నీటిలో కంటికి కనిపించే బురద ఉండదు, నది నీటిలో ఉంటుంది. కాబట్టి నది నీటికి తేర్చే దశ తప్పనిసరి.

నది నీటిని తేర్చే సాధారణ క్రమం ఇది. మొదట పటిక, అంటే అల్యూమినియం సల్ఫేట్, లేదా పాలీఅల్యూమినియం క్లోరైడ్ కలుపుతారు. అల్యూమినియం అయాన్లు నీటితో చర్య జరిపి రేణువుల ఆవేశాన్ని తగ్గిస్తాయి, జిగురులాంటి హైడ్రాక్సైడ్ ముద్దలై బురదను తమలో కలుపుకుంటాయి. వరద రోజుల్లో ఈ ముద్దలు మరీ తేలికగా ఉంటే కొద్దిగా పాలిమర్ చేరుస్తారు. లీటరుకు మిల్లీగ్రాములో పదోవంతు, ఐదోవంతు చాలు. ఎంత వేయాలో పుస్తకం చూసి చెప్పలేరు. ఆరు గాజు పాత్రల్లో ఆ రోజు నీటినే పోసి, ఒక్కోదానికి ఒక్కో మోతాదు వేసి, తిప్పి చూసే జార్ పరీక్షతోనే తేల్చాలి. తర్వాత ఇసుక వడపోత, చివర క్లోరిన్. మన ప్రమాణం ప్రకారం తాగే నీటి మసకతనం ఒక ఎన్‌టీయూ (మసకను కొలిచే ప్రమాణం) లోపల ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు ఐదు వరకు అనుమతిస్తారు.

పాలిమర్ వాడకానికి ఒక హెచ్చరిక కూడా ఉంది. పాలీఅక్రిలమైడ్ గొలుసు ప్రమాదకరం కాదు. కాని దాని తయారీలో మిగిలిపోయే అక్రిలమైడ్ నాడులకు హానికరం. తాగునీటిలో అది లీటరుకు అర మైక్రోగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. అందుకే తాగునీటికి అక్రిలమైడ్ అతి తక్కువగా మిగిలిన శ్రేణినే వాడాలి. పరిశ్రమల మురుగుకు ఉద్దేశించిన సరుకు దీనికి పనికిరాదు.

పల్లెల్లో ఇదే పని గింజలు చేసేవి. చిల్లగింజను కుండ లోపలి అంచున రుద్ది బురద నీరు పోస్తే తేటపడుతుందని పూర్వం నుంచి తెలుసు. ఆ గింజలోని పొడవైన చక్కెర గొలుసులు, ప్రొటీన్లు బురద రేణువులకు వంతెన వేస్తాయి. మునగ గింజలోని ధనావేశపు ప్రొటీన్ పటికలాగా ఆవేశాన్ని తగ్గిస్తుంది. గింజలతో తేర్చిన నీటిని మరిగించక తప్పదు. గింజలోని సేంద్రియ పదార్థం కొంత నీటిలో మిగిలి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది.

వంశధార పుట్టే చోట కూడా ఈ రసాయన శాస్త్రమే పెద్ద ఎత్తున నడుస్తోంది. ఒడిశా కలహండి జిల్లా లంజిగఢ్ దగ్గర నదికి మొదలు. అదే లంజిగఢ్‌లో అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉంది. బాక్సైట్‌ను వేడి కాస్టిక్ సోడాలో కరిగిస్తే అల్యూమినా కరుగుతుంది, ఐరన్ ఆక్సైడ్ ఎర్ర బురదగా మిగులుతుంది. ఆ బురదను వేరుచేయడానికి ఈ పరిశ్రమలో ఒకప్పుడు పిండిపదార్థం వాడేవారు. తర్వాత ఆ చోటును పాలీఅక్రిలేట్లు ఆక్రమించాయి. రంగు డబ్బాలో రేణువులను విడదీసేదీ పాలీఅక్రిలేటే, ఎర్ర బురద తొట్టెలో కలిపేదీ పాలీఅక్రిలేటే. తేడా గొలుసు పొడవులో ఉంది. మొదటిదాని అణుభారం వేలల్లో, రెండోదానిది లక్షలు, కోట్లలో. పైగా కాస్టిక్ ద్రావణంలో ఉప్పు అయాన్లు కిక్కిరిసి ఉండటం వల్ల ఆవేశాల వికర్షణ అక్కడ చెల్లదు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. పాలిమర్ పట్టుకోగలిగేది రేణువులనే, నీటిలో పూర్తిగా కరిగిన పదార్థాన్ని కాదు. ఉద్దానం భూగర్భ జలాల్లో సిలికా ఉందని పరిశోధనలు చెప్పాయి. కిడ్నీ వ్యాధికి అసలు కారణం మాత్రం ఇంకా నిర్ధారణ కాలేదు. కరిగిన సిలికా విడివిడి అణువులుగా ఉంటుంది, దానికి గొలుసు పట్టు దొరకదు. ఉప్పుదనమూ అంతే. అవి పోవాలంటే పొరల ద్వారా వడకట్టే ఇతర పద్ధతులు అవసరం. నీరు తేటగా కనిపించినంత మాత్రాన శుద్ధమైనట్టు కాదు.

మొత్తం మీద, ఆక్సైడ్ అవలంబనం నిలుస్తుందా, దిగుతుందా అన్నది పాలిమర్ పేరును బట్టి చెప్పలేం. చూడవలసినవి నాలుగు: రేణువు ఉపరితలం, గొలుసు పొడవు, మోతాదు, నీటి గుణం (పీహెచ్, ఉప్పు). పొట్టి గొలుసు ఉపరితలాన్ని నిండా కప్పితే రేణువులు విడిపోతాయి, పొడవైన గొలుసు కొంత కప్పి కొంత వదిలితే కలుస్తాయి. టెక్కలి స్లర్రీ తొట్టె దగ్గరైనా, హిరమండలం నీటి దగ్గరైనా ఆ నాలుగింటినీ ఆ రోజు నీటితోనే పరీక్షించి మోతాదు నిర్ణయించాలి. ఎక్కువ వేస్తే ఎక్కువ ఫలితం అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.